బావి సినిమా ఆఖరి రీలు

నాకు కోపమెక్కువ, తొందరెక్కువ అని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. పాలు పొంగేలోపు రెండుసార్లు కేకలేసే రకం నేను. కానీ సినిమాల దగ్గర మాత్రం నాకున్నంత నిదానం ఈ నాచారం మొత్తంలో ఎవరికీ ఉండదు. ఆ నిదానంతోనే ఒక మనిషికి చేయకూడని అన్యాయం చేశాను. అది చెప్పుకుందామనే ఇది రాయడం.

ఆ మనిషిని నేను అన్నా అని పిలుస్తాను. తోడబుట్టినవాడు కాదు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒకే ఫ్యాక్టరీలో మేమిద్దరం దాదాపు ముప్పై ఏళ్లు పనిచేశాం. ఆయన మెషిన్ షాపులో ఫిట్టరు, నేను డిస్పాచ్‌లో గుమాస్తా. ఆయనది నల్గొండ వైపు పల్లె, మాది కృష్ణా జిల్లా. ఆదివారం పొద్దున్నే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కుటుంబంతో చర్చికి పోయేవాడు, నేను పదింటిదాకా ముసుగుతన్ని పడుకునేవాణ్ని. నాకంటే మూడేళ్లు పెద్ద. నన్ను ‘తమ్మీ’ అంటాడు. ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు.

మమ్మల్ని కలిపింది పని కాదు, సినిమా. ఆ రోజుల్లో రామంతాపూర్‌లో ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద, రేకుల గదిలో, మేం కొంతమందిమి కలిసి ఫిల్మ్ సొసైటీ నడిపేవాళ్లం. నెలకో ఆదివారం మధ్యాహ్నం ప్రొజెక్టరు అద్దెకు తెచ్చి, గోడకు తెల్లదుప్పటి కట్టి, దేశదేశాల సినిమాలు వేసేవాళ్లం. పాటల్లేవు, ఫైట్లు లేవు. మనిషి నడుస్తూనే ఉంటాడు, గాలి వీస్తూనే ఉంటుంది. ఎండాకాలంలో ఆ రేకుల కింద కూర్చుంటే మంచుదేశపు సినిమా చూస్తూ కూడా చొక్కాలు పిండుకోవాల్సి వచ్చేది.

వచ్చేవాళ్లలో సగం మంది మా ఫ్యాక్టరీ వాళ్లే. వాళ్లకు ఇంగ్లీషు రాదు. తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు పడి మాయమవుతుంటాయి. అందుకని నేను దుప్పటి పక్కన స్టూలు వేసుకుని, ఆ అక్షరాలు చదివి తెలుగులో గట్టిగా చెప్పేవాణ్ని. ఉన్న మాటలతో ఊరుకునేవాణ్ని కాదు, సొంత సరుకు కూడా కలిపేవాణ్ని. ‘ఇదుగో, ఇప్పుడు వీడికి ఒళ్లు మండింది చూడండి’ అనేవాణ్ని. ‘అత్తగారు వింటోంది, పాపం ఈ పిల్లకి తెలీదు’ అనేవాణ్ని. జనం చప్పట్లు కొట్టేవారు. నన్ను ‘సినిమా చెప్పేటాయన’ అనేవారు. అబద్ధమెందుకు, ఆ పిలుపు నాకు మా బాగా ఉండేది.

ఒక ఆదివారం బావి సినిమా వచ్చింది. దాని అసలు పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు, మేం బావి సినిమా అనే అనేవాళ్లం. నలుపు తెలుపు. రాళ్లూ గాలీ తప్ప ఏమీ లేని నేల. ఒక తండ్రీ కూతురూ. తండ్రి బావి తవ్వుతుంటాడు, కూతురు పైనుంచి గిరక మీద తాడు లాగి, మట్టి బకెట్లు పారబోస్తుంటుంది. ఊరివాళ్లు వచ్చి చూసి నవ్విపోతారు. వాళ్లు తవ్వుతూనే ఉంటారు. కథంతా అంతే.

మిగతావాళ్లకు ఆవలింతలు మొదలయ్యాయి గానీ అన్న మాత్రం కుర్చీ లాక్కుని నా స్టూలు పక్కకు వచ్చేశాడు. వాళ్ల నాయన బావులు తవ్విన మనిషి. తెర మీద పిల్లకు ఈయన సలహాలు చెప్పడం మొదలుపెట్టాడు. ‘గట్ల గుంజకు బిడ్డా, తాడు ఒరుసుకపోతది.’ ‘కాలు ఎడంగ పెట్టి నిలవడు.’ నేను ఇంగ్లీషు చదివి చెప్పేలోపే తవ్వేవాడి మనసులో ఏముందో ఈయన చెప్పేస్తుంటే నాకు కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.

మూడో డబ్బాలోని రీలు చివరికొచ్చేసరికి, బావి అడుగున తండ్రి పార ఆపుతాడు. వంగి ఇంత మట్టి తీసుకుని వాసన చూస్తాడు. తలెత్తి పైకి చూస్తాడు. అక్కడ రీలు అయిపోయింది. నాలుగో డబ్బా మూత తీసి, రీలు ఎక్కించి, లైట్లు ఆర్పాం. దుప్పటి మీద కోళ్లు. తెల్లకోళ్లు వందలకొద్దీ ఒకదాని మీద ఒకటి పడి పరుగెడుతున్నాయి. కళాత్మక సినిమా కదా, ఏదో గూఢార్థం ఉండే ఉంటుందని నేను గొంతు గంభీరంగా పెట్టి ‘ఇప్పుడు కోళ్లు వచ్చాయి’ అని చెప్పాను. అర నిమిషం తర్వాత తెలిసింది, అది కోళ్లఫారం ఎలా పెట్టాలో రైతులకు చెప్పే డాక్యుమెంటరీ అని. ఎక్కడో డబ్బాలు తారుమారయ్యాయి. గదిలో జనం పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. అన్న ఒక్కడే నవ్వలేదు.

‘మరి నీళ్లు పడ్డయా లేవా తమ్మీ?’ అన్నాడు.

‘నాకేం తెలుసన్నా? ఆ రీలు రాలేదుగా.’

‘గిదేందే. గంత తవ్వినంక నీళ్లు పడ్డయో లేవో తెల్వకుంట ఇంటికెట్ల పోవాలె?’

ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. నెలలోపల ఆ రీలు తెప్పించి చూపిస్తానని నేను గొప్పగా మాటిచ్చాను. ఉత్తరాలు రాశాను. ప్రింటు వాపసు పోయింది, ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. తర్వాత ఏళ్ల తరబడి, షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గర ఎదురైతే నమస్తే బదులు ‘నీళ్లు పడ్డయా?’ అనేవాడు. ‘తవ్వుతున్నారన్నా, తవ్వుతున్నారు’ అనేవాణ్ని నేను. చుట్టూ ఉన్నవాళ్లు వీళ్లకేదో పిచ్చి పట్టిందనుకునేవారు.

తర్వాత నాకు తెలివి ఎక్కువైంది. సినిమా గురించి పుస్తకాలు చదివాను. ఉత్సవాలకు పోయి, గడ్డాలు పెంచిన పెద్దమనుషుల పక్కన కూర్చుని చూశాను. అక్కడ ఎవరైనా దగ్గినా వెనక్కి తిరిగి కొరకొరా చూసేవారు. నాకు సిగ్గేసింది. సినిమా మీద పడి వాగడమంటే దేవుడి గుళ్లో చెప్పులేసుకుని తిరగడమేనని తీర్మానించుకున్నాను. మరుసటి నెల నుంచి స్టూలు తీసేశాను. ‘బొమ్మ మాట్లాడుతుంది, మీరు చూడండి చాలు’ అని మా వాళ్లకు ఉపన్యాసమిచ్చాను. రెండు నెలలు చూశారు పాపం, తర్వాత రావడం మానేశారు. ఏడాది తిరక్కుండా సొసైటీ మూతపడింది. చివరిదాకా వచ్చింది అన్న ఒక్కడే. ఒక్క ముక్క అర్థం కాకుండా గంటన్నర కూర్చుని, లేచేటప్పుడు ‘మంచిగున్నది తమ్మీ’ అని వెళ్లేవాడు. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది.

ఇద్దరం రిటైరయ్యాం. ఆయన చెంగిచెర్లలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. నేను నాచారంలోనే ఉన్నాను, పడకగది అల్మారా నిండా డిస్కులు పెట్టుకుని. పాత కళాఖండాలన్నీ ఇప్పుడు కొత్తగా డిస్కుల మీద వస్తున్నాయి. మూల నెగెటివు తీసి, ఫ్రేము ఫ్రేము కడిగి, గీతలు చెరిపి, శబ్దం శుభ్రం చేసి, లోపల చిన్న పుస్తకం పెట్టి మరీ అమ్ముతున్నారు. చీరలకు కూడా నేను అంత సున్నితంగా మడతలు పెట్టను అంటుంది మా ఆవిడ. సినిమాలన్నీ ఫోన్లలో దొరికే ఈ రోజుల్లో డిస్కులు కొనేవాణ్ని చూస్తే అందరికీ నవ్వులాట. నవ్వుకోనీ. అట్టపెట్టె వెనక అచ్చువేసింది చదువుతూ ఒక పూట గడిపేయగలను నేను.

ఒకరోజు, విదేశాల్లో కొత్తగా వస్తున్న డిస్కుల జాబితా చూస్తుంటే బావి సినిమా కనబడింది. అట్ట మీద గిరక, తాడు, ఆ పిల్ల.  వెంటనే ఆర్డరు పెట్టి అన్నకు ఫోన్ చేశాను. ‘అన్నా, ఆఖరి రీలు దొరికింది!’  ‘మల్ల కోళ్లు రావు గద?’ అన్నాడు.

డిస్కు వచ్చిన రోజు అన్న షేర్ ఆటోలు రెండు మారి మా ఇంటికి వచ్చాడు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను కత్తితో కవరు కోసి, డిస్కు ప్లేయర్లో పెట్టి, ఇద్దరం సోఫాలో సర్దుకుని కూర్చున్నాం. నీలం తెర మీద నాలుగు ఇంగ్లీషు మాటలు వచ్చాయి. ఈ డిస్కు ఈ ప్రాంతపు ప్లేయర్లో ఆడదట. ప్రపంచాన్ని ముక్కలు చేసి, ఏ ముక్కలో అమ్మిన డిస్కు ఆ ముక్కలోనే ఆడేలా తాళం వేశారు. డిస్కులు కొనేవాడెవడైనా మొట్టమొదట చూసుకోవాల్సిన సంగతి అది. అట్ట మీద అచ్చు వేసే ఉంది కూడా. సంబరంలో నేనే చూసుకోలేదు. నా మొహం మాడిపోయింది.

‘పోనీ తియ్యి’ అన్నాడు అన్న. ‘మా బిడ్డ జెప్పింది, గీ సినిమా ఫోన్ల గూడ దొరుకుతున్నదంట. ఎవరో ఎక్కించిన్రంట. ఫోన్ల సూద్దమా తమ్మీ?’

ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ‘ఫోన్లోనా? ఇన్నేళ్లు ఆగి అరచేతిలో చూస్తావా అన్నా? బావి లోతు ఎంత ఉండాలి, ఆ రాళ్ల నేల ఎంత ఉండాలి! ఎవడో దొంగతనంగా ఎక్కించిన మసక కాపీలో ఏముంటుంది? ఇంత కష్టపడి వాళ్లు కడిగి ఇస్తే, మనం మురికినీళ్లు తాగుదామంటావేంటి?’ అని తగులుకున్నాను. అంతటితో ఊరుకోలేదు. ‘నాతో తప్ప చూడనని ఒట్టెయ్యి’ అన్నాను.

‘మా చర్చిల ఒట్టు పెట్టొద్దంటరు’ అని నవ్వాడు. ‘మాట ఇస్త తియ్యి.’

‘నేను కూడా చూడను. లోపలి పుస్తకం కూడా చదవను. నీతోనే చూస్తాను’ అన్నాను. నా మాట నేను నిలబెట్టుకున్నాను. అదొక ఘనకార్యమనుకున్నాను కూడా.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర టీవీలు బాగుచేసే ఒకాయన ప్లేయరుకు ఆ తాళం తీసిపెడతానన్నాడు. ఇదిగో అదిగో అని రెండు నెలలు తిప్పాడు. అన్న ఫోన్ చేసేవాడు. ‘అయిందా తమ్మీ?’ అయింది. తాళం తీశాడు. అప్పుడే చూసేసి ఉంటే ఈ కథే లేదు. కానీ టీవీలో పెట్టి నిమిషం పరీక్షించేసరికి నాలోని చాదస్తపు పురుగు కదిలింది. అబ్బ, ఎంత బాగుంది బొమ్మ! ఒక్కో రాయీ లెక్కపెట్టొచ్చు. ఇలాంటిదాన్ని ఈ చిన్న టీవీలో చూడ్డమా? ఎంతైనా మేం మొదటిసారి చూసింది గోడంత దుప్పటి మీద. ప్రొజెక్టరు కొందామనుకున్నాను. మంచిది దొరికేదాకా ఆగాను. అది వచ్చాక గోడ మీద పెచ్చులు కనబడ్డాయి. సున్నం వేయిద్దామనుకుంటే వానలు పట్టుకున్నాయి, గోడ చెమ్మ ఆరలేదు. ఆరాక వేయించాను. కిటికీలోంచి వెలుగు వస్తోందని నల్లపరదాలు కుట్టించాను. ఆలస్యం అమృతం విషం అని ఊరందరికీ చెప్పేవాణ్ని నేనే.

మా ఆవిడ చూసి చూసి ఒకరోజు గయ్యిమంది. ‘మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆ పెద్దాయన వచ్చినప్పుడల్లా ఆ అల్మారా వంకే చూస్తున్నాడు. టీవీలో పెట్టి చూపించేస్తే మీ సొమ్మేం పోతుంది?’

‘నీకు తెలీదు, ఊరుకో’ అన్నాను. నాకే తెలియదని నాకు తెలియలేదు.

ఎందుకంటే అన్న మారిపోతున్నాడు. ముందు స్కూటరు మానేశాడు. వయసు కదా అనుకున్నాను. మా గుమ్మం దగ్గర రెండుసార్లు తట్టుకున్నాడు. ‘పైకి చూస్తూ నడుస్తావేంటన్నా, సినిమా హీరోవా?’ అని వెక్కిరించాను. టీ ఇస్తే కప్పు అందుకోవడానికి చెయ్యి గాల్లో వెతికేది. నేను కబుర్ల మధ్య కప్పు ఆయన చేతిలో పెట్టేసి, పరదాల బట్ట ఎంత దళసరిగా ఉందో చెబుతూ పోయేవాణ్ని. ‘ఎప్పుడు పెడ్తవ్ తమ్మీ?’ అని అడిగేవాడు వెళ్లేముందు. ప్రతిసారీ. ఒకసారి నేను విసుక్కున్నాను కూడా. ‘ఎందుకన్నా అంత తొందర? ఎక్కడికి పోతుంది?’ అన్నాను. ఆయన కింద పెట్టిన సంచీ కోసం నేల మీద చెయ్యి ఆడించి, దొరికాక లేచి వెళ్లాడు. ఆ దృశ్యం ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండో వానాకాలం వెళ్లాక అన్నీ అమిరాయి. గోడ తెల్లగా, గది చీకటిగా, ప్రొజెక్టరు నున్నగా. పెళ్లిపిలుపులా ఫోన్ చేశాను. వదిన ఎత్తింది. ‘వదినా, ఈ ఆదివారం అన్నను పంపించు, సినిమా వేస్తున్నాను’ అన్నాను.

‘ఇప్పుడా మరిదీ?’ అంది ఆమె.

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. మూడేళ్లుగా ఆయనకు గ్లకోమా. కంటి నరం ఎండిపోతూ వచ్చింది. చుట్టూ చీకటి, నడిమధ్య కొంచెమే కనబడేది. చుక్కల మందు వేస్తూనే ఉన్నారు. ఎడమ కన్ను మొదటే పోయింది. ఇప్పుడు కుడి కన్ను కూడా వెలుగు ఉందా లేదా అని తప్ప ఇంకేమీ పట్టడం లేదు. ‘పోయింది మల్ల రాదన్నరు దవాఖానాల’ అంది. ‘నీకు జెప్పొద్దన్నడు. తమ్మి ఫికర్ జేస్తడు, ఉరికి ఉరికి పని పాడుజేసుకుంటడు అన్నడు. నువ్వు గోడకు సున్నం ఏపిస్తున్నవని మస్తు సంబురంగ జెప్పేటోడు నాకు.’

  ఆయన అడిగిన ప్రతిసారీ ‘ఎప్పుడు పెడ్తవ్’ అంటే, నా చూపు ఇంక ఎన్నాళ్లో ఉండదు అని చెప్పడమేనని అప్పుడు తెలిసింది. అవతల వదిన ఫోన్ ఆయన చేతికిచ్చింది.

‘ఆదివారమేనా?’ అన్నాడు అన్న.

‘అన్నా... నాతో ఎందుకు చెప్పలేదన్నా?’

‘గదంత ఇడిసిపెట్టు. ఆదివారం చర్చి అయినంక వస్త. నువ్వు జెప్పు, నేను వింట. ఎనుకట జెప్పలేదా?’

ఆదివారం ఆయన్ని నేనే వెళ్లి తీసుకొచ్చాను. చర్చి నుంచి తిన్నగా వచ్చాడు, అదే ఇస్త్రీ చొక్కా. ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. వరసలో ఉన్నది ఆ ఒక్క కుర్చీనే. పక్కన నేను స్టూలు వేసుకున్నాను. పరదాలు మూశాను. మిట్టమధ్యాహ్నం గది చిమ్మచీకటైంది. ఈ చీకటి కోసమే కదా అంతకాలం తంటాలు పడ్డాను. ఆయనకు దాంతో పని లేదు.

బొమ్మ పడింది. ఇంత అందంగా ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. మొదట్లో చెప్పడం చేతకాలేదు. ఇన్నేళ్లుగా సినిమా ముందు నోరు మూసుకోవడమే సంస్కారమని నేర్చుకున్నవాణ్ని కదా. ‘రాళ్లు... రాళ్లున్నాయి’ అన్నాను. ‘ఎసొంటి రాళ్లు? మా దిక్కు రాళ్ల లెక్క ఉన్నయా?’ అన్నాడు. ‘మీవాటికంటే తెల్లగా ఉన్నాయన్నా. నీడలు పొడుగ్గా పడుతున్నాయి.’ అలా మెల్లగా నోరు లేచింది. తండ్రి గడ్డంలో దుమ్ము చెప్పాను. పిల్ల చేతుల మీద తాడు ఒరుసుకున్న గీతలు చెప్పాను. అక్కడక్కడ సొంత సరుకు కూడా కలిపాను. అన్న నవ్వాడు. చెయ్యి చాచి నా మోకాలి మీద పెట్టాడు.

మేం ఆగిపోయిన చోటు వచ్చింది. తండ్రి పార ఆపాడు. మట్టి వాసన చూశాడు. తలెత్తాడు. అక్కడి నుంచి ఇద్దరికీ కొత్తే అనుకున్నాను. పైన పిల్ల తాడు లాగుతోంది. గిరక కిర్రుకిర్రుమంటోంది. వేరే చప్పుడు లేదు. బకెట్టు పైకి వచ్చింది. పిల్ల అందులో చెయ్యి పెట్టింది. గుప్పెడు తీసింది. వేళ్ల సందుల్లోంచి మట్టి పొడిపొడిగా రాలింది.

అన్న చెయ్యి నా మోకాలి మీద బిగుసుకుంది. ‘నీళ్లు పడ్డయా తమ్మీ?’

ఒక్క గీత చెరిపితే, ఒక్క ఫ్రేము కోస్తే యుద్ధానికి పోయే మనిషిని నేను. ఆ క్షణం నా వల్ల కాలేదు. రెండు కళ్లూ పోగొట్టుకుని వచ్చి కూర్చున్న మనిషికి, అదీ నా చాదస్తం వల్ల చూడకుండా మిగిలిపోయిన మనిషికి, లేదన్నా అని ఎలా చెప్పను?

‘పడ్డాయన్నా!’ అన్నాను. ‘మట్టి తడిగా ఉంది. పిల్ల మొహానికి రాసుకుంటోంది. కింద ఊట ఊరుతోంది, ముసలాయన పాదాలు మునిగాయి. నవ్వుతున్నాడన్నా.’

‘మరి నీళ్ల సప్పుడు లేదేంది?’

‘ఆ డైరెక్టరు అంతే అన్నా. కళాత్మకం. శబ్దం పెట్టడు.’

తెర నల్లబడింది. ఆ అబద్ధం చెబుతున్నంతసేపూ నేను తెర వైపు చూడలేదు, అన్న మొహమే చూస్తున్నాను. ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకుని కంగారుపడ్డాను. నవ్వుతున్నాడు.

‘మస్తు జెప్పినవ్ తమ్మీ. గానీ నేను గీ సినిమా సూసిన.’

‘ఎప్పుడన్నా?’ అన్నాను.

‘పోయిన ఎండకాలం. కుడి కన్ను జరంత మంచిగున్నది అప్పుడు. నువ్వేమో పరదాలు కుట్టిస్తున్నవ్. నాకు తెల్సు, నా కన్ను ఆగదు. బిడ్డ ఫోన్ తీస్కొని మెట్ల మీద కూసొని, గిట్ల కన్ను కాడ పెట్టుకొని సూసిన. బిడ్డ సదివి సెప్పింది. జర జర జేసి నాలుగు దినాలు పట్టింది. మల్లొకసారి సూసిన. మల్లొకసారి.’ నా మోకాలి మీంచి చెయ్యి తీసేశాడు. ‘మాట ఇచ్చి తప్పిన. గందుకే నీకు జెప్పలే. కోపం జెయ్యకు.’

కోపమా! నాతో కలిసి చూడాలని ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషిని, మెట్ల మీద ఒంటరిగా, దొంగలా, అరచేతిలో చూసుకునేలా చేసింది నేను. ఆ చూసిన సంతోషాన్ని కూడా నాతో చెప్పుకోలేక, తప్పు చేసినవాడిలా దాచుకునేలా చేసింది నేను. తిరిగి నన్నే కోపం చెయ్యొద్దంటున్నాడు. ‘నన్ను క్షమించన్నా’ అన్నాను.  నలభై ఏళ్ల స్నేహంలో ఆ మాట అనడం అదే మొదలు.

‘మా నాయన ఆఖరుకు మా సొంత చెల్క భూమిల తవ్విండు’ అన్నాడు అన్న. ‘పడలే. పన్నెండు గజాలు పోయినంక బండ తగిలింది. బండ మీద కూసొని బీడీ ముట్టిచ్చిండు, మీదికి రాడాయె. నేను గిరక కాడ నిలవడి ‘రా నాయనా’ అని ఒర్రుతున్న. గా సంగతి ఎవరికి జెప్పలే ఇన్నొద్దులు. గీ సినిమాల గూడ పడలేదని సూసినంక, ఏమో మరి, నాకు మంచిగ అనిపిచ్చింది. మా నాయన ఒక్కడే కాదు గద అనిపిచ్చింది.’

నేను ముక్కు తుడుచుకున్నాను.

‘ఆఖరిది మల్ల పెట్టు’ అన్నాడు. ‘ఈసారి ఉన్నది ఉన్నట్టు జెప్పు.’

రిమోటు నొక్కి వెనక్కి తీసుకెళ్లాను. గిరక మళ్లీ కిర్రుమంది. ‘బకెట్టు పైకి వస్తోందన్నా’ అన్నాను. ‘పిల్ల చెయ్యి పెట్టింది. పొడిమట్టే. నీళ్లు... నీళ్లు పడలేదన్నా.’

‘ఆఁ. ఎన్కశిరి ఏమైతది?’

 నోరు తెరిచాను గానీ మాట బయటికి రాలేదు. కళ్లకు అడ్డంగా నీళ్లు నిలిచి, అంత ఖరీదైన ఆ బొమ్మ మొత్తం అలుక్కుపోయింది.

అన్న నా మోకాలి మీద తట్టాడు. తర్వాత తెర ఉన్న వైపు ముఖం పెట్టి, ఆయనే మొదలుపెట్టాడు. ‘ఇప్పుడు ముసలోడు మీదికి వస్తడు సూడు. తాడు వట్టుకొని మెల్లెగ. పిల్ల ఏం అడగది. పిల్ల కొంగు నడుముకు సుట్టుకుంటది. పార ఆయన చేతులకెల్లి గుంజుకుంటది. ఇగో ఇప్పుడు బకెట్ల కాలు పెట్టింది. ముసలోడు తాడు వట్టిండు. దిగుతున్నది... దిగుతున్నది...’

గిరక చప్పుడుకు సరిగ్గా సరిపోయేలా చెబుతున్నాడు. నేను చొక్కాతో కళ్లు తుడుచుకుని తలెత్తేసరికి తెర నల్లబడింది. ఆ ఆఖరి షాటు నేను ఆరోజు చూడలేదు, అన్న చెబితే విన్నాను.